పార్కింగ్ లాట్‌లో ప్రజారోగ్యం

ఇకమీదట శిక్షణల్లో ప్రజారోగ్య సిబ్బందికి ఎవరూ పాఠం చెప్పరట. వాళ్లే నేర్చుకుంటారట. అభ్యాసకులే కేంద్రం, సమస్యే గురువు. సంతోషం. గురువులకిచ్చే టీఏ, డీఏలు మాత్రం యథాతథం.

పద్ధతి మీద నాకు పగేమీ లేదు. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్‌లో ఇలాంటి వైద్య విద్య మొదలైనప్పుడు తొలి బ్యాచ్‌లో ఉన్నది 20 మందే. చిన్న చిన్న జట్లుగా, పక్కనే ఒక ట్యూటర్‌తో కూర్చునేవారు. మనవాళ్లు దాన్నే ఫంక్షన్ హాల్లో ఎనభై మందికి ఒకే మైకుతో వడ్డిస్తున్నారు.

చేతికిచ్చే కేసు కాగితంలో సమస్య ఎప్పుడూ రామాపురమనే కల్పిత ఊళ్లోనే పుడుతుంది. ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, యాభై మందికి వాంతులు, విరేచనాలు. పైపు డ్రైనేజీలోంచి పోతోందని చివరి పేజీలో ఉంటుంది. మన ఏఎన్ఎంలు ఆ ఊరిని ఇప్పటికి ఎన్నిసార్లు కాపాడారో!

అదైనా ఓర్చుకోవచ్చు. ఒళ్లు మండించేది గోడకతికించిన పసుపు చార్టు. పైన నీలం స్కెచ్‌తో ‘పార్కింగ్ లాట్’ అని రాసి ఉంటుంది. ఇబ్బందికరమైన ప్రశ్నలన్నీ అక్కడికే.

ఒకావిడ లేచింది. ‘సార్, నీళ్లలో క్లోరిన్ చూడమంటారు. కిట్‌లో ఆర్థోటాలిడిన్ సీసా ఖాళీ అయి నెలలైంది. రంగు దేంట్లో చూడమంటారు?’

‘చాలా మంచి ప్రశ్నమ్మా. పార్కింగ్‌లో పెడదాం.’

పైపు లీకవుతోందని పంచాయతీకి రాసి రాసి చెయ్యి నొప్పెడుతోందని ఇంకొకామె. పార్కింగ్. ఒకే గర్భిణి వివరాలు ఎన్ని యాప్‌లలో ఎక్కించాలని మరొకామె. అదీ పార్కింగే. భోజనాల వేళకి చార్టు నిండితే పక్కన ఇంకోటి అతికించారు. సాయంత్రం గ్రూప్ ఫోటోలో గోడ శుభ్రంగా కనబడాలని రెండూ పీకేశారు.

ఆ పీకేసినవే కదయ్యా సమస్యలు! 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియాతో మనుషులు చచ్చిపోయారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలొచ్చి పడిపోతే, ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, ఇంకొందరు పురుగుమందుల్ని అనుమానించారు. ఉద్దానంలో కిడ్నీలెందుకు పాడవుతున్నాయో దశాబ్దాలుగా తేలలేదు. చివరి పేజీలో జవాబు దొరకని కేసులివి. ఉద్దానం నుంచి వచ్చిన మనిషి చేతిలోనూ రామాపురం కాగితమే పెడతారా? సిగ్గుండాలి. సీసా ఖాళీ అని ఆమె చెబితే ‘సిస్టమ్ ఇష్యూ’. ఊరు మంచాన పడ్డనాడు మెమో మాత్రం ఆమె పేరు మీదే.

ప్రీటెస్టుకీ పోస్టుటెస్టుకీ ప్రశ్నపత్రం ఒకటే కావడం గురించి నేనేమీ అనను.

అధికారులకు నా వంతుగా ఒక కేసు ఇస్తున్నాను. ఊరు: మీ పరిధిలోదే. సీసా: ఖాళీ. ఇండెంటు మూడుసార్లు వెళ్లింది. అది ఎవరి టేబుల్ మీద ఆగింది? చర్చకు ఇరవై నిమిషాలు. స్కెచ్ పెన్నులు మీరే తెచ్చుకోండి.