నిర్దోషి గోడలు

భూపాలపల్లిలో పాత ఇంటి గోడ బీటలు వారిందంటే ఆ నేరం బొగ్గు గనుల బ్లాస్టింగుది. మానుకోటలో అయితే ఊరి నడుమ నుంచి పోయే రైలుది. జనగామలో పక్కింటాయన వేయించిన బోరుది. అమ్మేవాళ్ల లెక్కలో గోడ ఎప్పుడూ నిర్దోషే.

"ఇల్లు ఉన్నదున్నట్టు ఇస్తున్నం సారూ, తర్వాత మమ్మల్నేం అనొద్దు" అని ముందే చెప్పేస్తారు. ఇంత నిజాయితీపరుడు దొరకడం తన అదృష్టమనుకుంటాడు కొనేవాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, మామూలు జాగ్రత్తతో చూసినా కంటపడని లోపం ఏదైనా అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలి, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. కనిపించే బీటకు మాత్రం కొనేవాడి కళ్లే పూచీ. అందుకే పెంకుటింటిని ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం చూపిస్తారు. కప్పులోంచి నేల మీద పడిన ఎండచుక్కల్ని చూసి "వెలుతురు బాగుందే" అని మురిసిపోయిన మనిషి, మృగశిర కార్తె రాగానే సరిగ్గా అవే చోట్ల గిన్నెలు పెట్టుకుంటాడు.

బేరం కూడా తమాషాగా ఉంటుంది. "జాగ పైసలియ్యిరి చాలు, ఇల్లు ఉత్తగనే" అంటారు. ఉత్తగా వచ్చిన ఆ కట్టడానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో విలువ కడతారు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. ఒరిగిన గోడకైనా రుసుము నిటారుగానే ఉంటుంది.

అసలు మరమ్మతు కాగితాల దగ్గర మొదలవుతుంది. తాత కట్టిన భవంతి. తాతకు నలుగురు కొడుకులు, ముగ్గురు బిడ్డలు. ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ తాత పేరనే వస్తుంది, ఆయన పోయి ఎన్నేళ్లయినా పంచాయతీ దృష్టిలో ఆయనే ఇంటి యజమాని. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కునిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకు ఇవ్వలేదు. ఇరవై ఏళ్లకు 2005లో కేంద్రమూ చట్టం మార్చింది. ఇవేవీ తెలియనట్టు అన్నదమ్ములు సంతకాలు పెట్టేస్తారు. కొనేవాడి వకీలు మాత్రం "అక్కచెల్లెండ్లేరీ?" అంటాడు. ఒకామె భీవండిలో, ఒకామె సూరత్‌లో. మూడో ఆమె పక్క వీధిలోనే ఉంటుంది కానీ తమ్ముడితో మాటల్లేవు. భీవండి నుంచి సంతకం తేలిగ్గానే వస్తుంది.

తర్వాత వడ్లాయన వస్తాడు. నిచ్చెనెక్కి, ఉలి పిడితో దూలాన్ని అక్కడక్కడా తట్టి చెవి పెడతాడు. కణకణమంటే చేవ, బొదబొదమంటే చెద. టేకు చేవను చెదలు అంత తొందరగా ముట్టవు. పై తెల్లకర్రను తినేసి లోపలిది వదిలేస్తాయి. అందుకే చూడటానికి పొట్టు రాలుతున్న దూలం నడుమ గట్టిగానే ఉంటుంది, రంగేసి నున్నగా మెరిసే వాసం వేలితో నొక్కితే లోపలికి పోతుంది. ఈ తట్టుళ్ల చప్పుడు వీధిలోకి ఎలా పాకుతుందో గానీ, సాయంత్రానికల్లా పాత కర్ర కొనేవాళ్లు గుమ్మంలో ఉంటారు. ఇంటికి పలకని ధర ద్వారబంధానికి పలుకుతుంది. ఆశపడి అమ్మినా టేకు లారీ ఎక్కాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలి. ఆ కర్ర తాత కాలంలోనే అడవి వదిలి వచ్చిందన్న వాదన చెక్‌పోస్టు దగ్గర పనిచేయదు.

ఇల్లు నిలబెడదామని పట్టుబట్టిన మనిషికి ఫోన్‌లో ఒక ఫొటో ఉంటుంది, కామారెడ్డి జిల్లా దోమకొండ కోటది. శిథిలమైన ఆ కోటను యజమాని కుటుంబమే సున్నపు పనితో బాగుచేయించుకుంటే, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో మెరిట్ అవార్డు వచ్చింది. ఆ ఫొటో చూపించి "మనమూ సున్నంతోనే చేద్దాం" అంటే మేస్త్రి జాలిగా చూస్తాడు. "సారూ, అది కోట. ఇది ఇల్లు. సిమెంటు కొడితే రెండు దినాల పని." మట్టిగోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదులుతుంది. సున్నం దానికి అడ్డురాదు. సిమెంటు అడ్డొస్తుంది. చెమ్మ లోపలే ఉండిపోయి, కొన్నాళ్లకు ప్లాస్టరింగ్ అప్పడంలా పొంగి ఊడుతుంది. ఈ పాఠమంతా విని మేస్త్రి తలూపుతాడు. మర్నాడు పొద్దున్నే రెండు బస్తాల సిమెంటు మోసుకొస్తాడు.

ఏదోలా ఇల్లు నిలబడుతుంది. గృహప్రవేశానికి అమ్మినాయనను కూడా పిలుస్తారు. ఆయన అన్ని గదులూ తిరిగి, దూలాలు తడిమి, బగారా అన్నం రెండోసారి వడ్డించుకుంటూ పక్కనున్న తమ్ముడితో అంటాడు: "ఇంత మంచి ఇల్లురా! అగ్గువకే ఇచ్చేసినం."