తమ్ముడు ముందు, అన్న వెనక

'డాక్టర్ హూ' అభిమానులది ఒకటే ఏడుపు: లెక్క కుదరడం లేదు! బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలైన కాలయానం సీరియల్ అది. అట్లాంటిస్‌ను 1967, 1971, 1972 కథల్లో మూడు రకాలుగా నాశనం చేశారు. 1975 కథలో డాక్టర్ సహచరి సారా జేన్ తనది 1980 అంటుంది. 1983 కథకొచ్చేసరికి, ఆమెతో కలిసి పోరాడిన బ్రిగేడియర్ 1977కే కొలువు వదిలేసి బళ్లో లెక్కలు చెప్పుకుంటుంటాడు. ఆ సీరియల్‌కి కావలసింది లెక్కల మాస్టారే, పాపం.

పోలీసు డబ్బాలో తిరిగే గ్రహాంతరవాసి డాక్టర్‌ను తేదీలడగడం ఎందుకు? సూళ్లూరుపేటలో దిగి, చెంగాళమ్మకు దణ్ణం పెట్టుకుని, పులికాట్ మీదుగా శ్రీహరికోట రండి. ఇక్కడ కాలయంత్రం లేదు. సెకనును ముక్కలు చేసి లెక్కపెట్టే గడియారాలున్నాయి. 2019 జులైలో చంద్రయాన్-2ను ప్రయోగానికి సరిగ్గా 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపేసిన చోటిది.

ఇక్కడి సీరియల్ పేరు పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు. 2008 జనవరిలో సి10 ఎగిరింది. సి9 ఎప్పుడు? ఆ తర్వాత, ఏప్రిల్‌లో. రీశాట్-2 ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది 2009లో. రీశాట్-1 వెళ్లింది 2012లో. తమ్ముడు నడక నేర్చాక అన్న పుట్టాడు.

దీనికి కారణముంది లెండి. అంకె ముందే వేసేస్తారు, సిద్ధమైనది ముందు ఎగురుతుంది. ముంబై దాడుల తర్వాత రీశాట్-2 కోసం తొందరపడ్డారు. తప్పేం లేదు. బీబీసీ రచయితలూ చేసిందదే, ఆ వారం కథకు ఏది కావాలో అది రాసుకున్నారు.

జిల్లా సంగతీ వినండి. చంద్రయాన్-2 ఎగిరింది నెల్లూరు జిల్లా నుంచి. చంద్రయాన్-3 ఎగిరింది తిరుపతి జిల్లా నుంచి. రెండూ అదే రెండో ప్రయోగ వేదిక మీద నుంచే! వేదిక అంగుళం కదల్లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాయే వచ్చి దాన్ని ఎక్కించుకుపోయింది. ఇప్పుడు కొందరు 1971లో ఇక్కడి నుంచి ఎగిరిన తొలి రోహిణి రాకెట్టును కూడా తిరుపతి జిల్లా ఖాతాలోనే రాసేస్తున్నారు. డాక్టర్ గారు కూడా ఇంత సులువుగా గతాన్ని దిద్దలేదు.

ఇవన్నీ మన్నించవచ్చు. సి13 సంగతేమిటి?

భయమని నేననను. అంతటి శాస్త్రజ్ఞులకు అంకె భయమా, శివశివా! 1970లో అపోలో 13 చంద్రుడి మీద దిగకుండానే వెనక్కొచ్చిందంటారా? అది అమెరికా వాళ్ల నౌక, వాళ్ల జాతకం. మన 2017 నాటి సి39నే చూడండి: ఉష్ణకవచం విడిపోక విఫలమైంది. ముప్ఫై తొమ్మిదంటే మూడు పదమూళ్లు! అయితే సి26, సి52 నిక్షేపంగా ఎగిరాయే, వాటిలో పదమూడు దాక్కోలేదా? తప్పించదలిస్తే ఎక్కాలు చూసి తప్పించాలి, సగం సగం నమ్మకం రాకెట్టుకు పనికిరాదు. వెంకన్న పాదాల దగ్గర రాకెట్టు నమూనా పెట్టి మొక్కుకున్నాక కూడా ఇంకా అంకెతో పేచీ ఏమిటి?

అట్లాంటిస్ లెక్క తేల్చిన అభిమానులు ఎవరైనా ఉంటే దయచేసి ఇటు రండి. సి12 ఎగిరింది 2009 ఏప్రిల్ 20న. సి14 ఎగిరింది అదే ఏడాది సెప్టెంబర్ 23న. మధ్యలో ఏ రాకెట్టూ లేదు.