హరిశ్చంద్రుడి పక్కింటివాళ్లు

త్రిపురారం చుట్టుపక్కల యాసంగి కోతలు ఊపందుకున్నాయంటే రోడ్డు సగమైపోతుంది. మిగతా సగం వడ్లది. కల్లాల్లో చోటు చాలక తారు మీదే ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, మబ్బు పడితే పట్టాలు కప్పుతారు. మిర్యాలగూడ బస్సు ఒక పక్క చక్రాలు మట్టిలో దింపుకుని మర్యాదగా తప్పుకుపోతుంది.

కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ పట్టుకున్న కుర్రాడు కుప్ప దగ్గరికొస్తాడు. పైన గింజల్ని ముట్టుకోడు. మోచేతి దాకా చెయ్యి కుప్ప కడుపులోకి దూర్చి, అడుగు నుంచి పిడికెడు లాగుతాడు. ఎండువి పైన, పచ్చివి కింద అన్న విద్య వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ల నాన్నా అలాగే పోసేవాడు. మిషన్ 18.6 చూపిస్తుంది. 17 దాటకూడదు.

"ఇంకోపాలి పెట్టు తమ్మీ, నీ మిషన్ ఖరాబున్నట్టుంది."

మళ్లీ పెడితే 18.4.

"చూసినవా, నేను చెప్పలే!"

ఆ రైతే పొద్దుగూకాక హోటల్ బల్ల మీద కూచుని, చాయ్ ఊదుకుంటూ, లోకం తీరు తేల్చేస్తాడు. "నిజాయితీ ఏం జేసుకుంటమే, నాలుక గీసుకోనీకా? ఈ రోజుల్ల నిజం చెప్పినోడు బాగుపడ్డది యాడన్న చూసినవా?" బల్ల చుట్టూ తలలన్నీ ఊగుతాయి. సూర్యాపేట మార్కెట్ యార్డులో ఇదే మాట, కోదాడ బస్టాండులో ఇదే మాట. తెలుగునాట కులం, పార్టీ, సినిమా హీరో అడ్డురాకుండా అందరూ ఒప్పుకునే సిద్ధాంతం ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

సిద్ధాంతం గొప్పదే. చిక్కల్లా దాన్ని నమ్మినవాడు ఒక్కడూ కనిపించకపోవడం. నిజం పనికిరాదని బల్ల గుద్దే మనిషి, పొద్దున మిషన్ మీద పోట్లాడింది నిజం కోసమే కదా. తన వడ్ల తేమ అసలెంతో అంతే పలకాలి, అంతకంటే పాయింటు ఎక్కువ పలికితే ఊరుకోడు. తక్కువ పలికితే మాత్రం యంత్రాన్ని ఇబ్బంది పెట్టడు.

మిల్లు వైపు నుంచి చూసినా ఇదే వరస. తేమ సరిపోయినా తాలుందనీ, మట్టి ఉందనీ 40 కిలోల బస్తాకు రెండు కిలోలు కడ్తా తీస్తారన్న గోల రాష్ట్రంలో ప్రతి సీజనూ వినేదే. రెండు కిలోలే కదా అనిపిస్తుంది. నాలుగెకరాల్లో నూరు క్వింటాళ్లు పండితే 250 బస్తాలు, అంటే ఐదు క్వింటాళ్ల కడ్తా. 2025-26లో ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. మొత్తం 11,945 రూపాయలు కళ్లముందే గాలికి కొట్టుకుపోతాయి, తూర్పారబట్టినప్పుడు తాలు పోయినంత తేలిగ్గా. అలా కోత పెట్టే పెద్దమనిషి మిల్లు ఆఫీసులో మాత్రం తేమ మిషన్‌కు దుమ్ము పట్టనివ్వడు. హమాలీల లెక్కలో ఒక్క బస్తా తేడా వస్తే గుమస్తాను నిలబెట్టి కడిగేస్తాడు. "అబద్ధాలాడేవాళ్లతో వ్యాపారం ఎట్ల చేస్తం?" అని ఆయన బాధపడితే వినేవాళ్లకు కళ్లు చెమర్చాలి.

ఆ 17 శాతం కూడా ఎవరో ఆఫీసరు సరదాకు పెట్టిన అంకె కాదు. తేమ ఎక్కువున్న వడ్లు నిల్వలో వేడెక్కుతాయి, బూజు పడతాయి, గింజ రంగు మారుతుంది. సరిగ్గా ఆరని గింజ మిల్లులో నూకై రాలుతుంది. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం ఇవ్వాలన్నది సర్కారు లెక్క. కేంద్రంలో కుర్రాడికి చాయ్ తాగించి 18.6ను 17 చేయించుకోవచ్చు. ఆ గింజ మాత్రం ఎవరి చాయ్ తాగదు, గోదాములో తన పని తాను చేసుకుపోతుంది.

ఇక్కడ మిర్యాలగూడ మిల్లుల గురించి ఒక మాట. ఆసియాలోనే పెద్దవని కొందరు, రెండో పెద్దవని కొందరు అంటారు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కూ ఇలాంటి బిరుదే ఉంది. ఆసియా ఖండంలో ఉన్న మిల్లులన్నింటినీ టేపు పట్టి కొలిచొచ్చిన మహానుభావుడు ఎవరో ఇంతవరకూ తెలియలేదు. ఈ అబద్ధం వల్ల ఎవరి బస్తా బరువూ తగ్గదు కాబట్టి వదిలేయొచ్చు.

పాతకాలపు వ్యాపారుల దగ్గర రెండు పద్దు పుస్తకాలుండేవని అందరూ చెప్పుకునేదే. ఒకటి అధికారికి, ఒకటి దిండు కింద. దిండు కింది పుస్తకంలో అణా పైసలతో సహా నిజం ఉంటుంది. దొంగలెక్క రాయాలంటే అసలు లెక్క తెలిసుండాలి, లేకపోతే ఎంత దాచాలో ఎలా తెలుస్తుంది? నిజాన్ని ఇంత భద్రంగా దాచుకునేవాళ్లే నిజంతో పనేముందని ఊరికి చెప్పడం ఈ వ్యాపారంలోని అందం.

ఈ విద్యలో తెలుగువాళ్లకు జాతీయ స్థాయి గుర్తింపు తెచ్చిన కంపెనీ పేరు సత్యం. పుస్తకాల్లో పెట్టాల్సిన చోట పెట్టకపోయినా, కనీసం పేరులో పెట్టుకున్నారు. కంపెనీ పెట్టిన రామలింగరాజు కుటుంబానికి మేటాస్ అని ఇంకో పేరుతో కూడా కంపెనీలుండేవి. ఇంగ్లిషు అక్షరాల్లో సత్యాన్ని వెనక్కి తిప్పి రాస్తే వచ్చేది మేటాసే. సత్యాన్ని తలకిందులు చేస్తున్నామని బోర్డు కట్టి మరీ చెప్పినా ఎవరికీ తట్టలేదంటే, ఆ తప్పు ఒక్క రామలింగరాజుది అనలేం. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో ఉత్తమమంటూ గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, ఆయనే ఉత్తరం రాసి బయటపెట్టారు. బ్యాంకుల్లో 5,361 కోట్లున్నట్టు చూపిన చోట 5,040 కోట్లు లేనే లేవు. ఒక త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లు.

ఆ ఉత్తరంలో ఒప్పుకోలు కంటే అంకెలు చూడాలి. లేని డబ్బు ఎంతో కోటి తేడా రాకుండా ఆయనకు తెలుసు. వాటాదార్లకు తెలియదు, అవార్డు ఇచ్చినవాళ్లకు తెలియదు, చివరికి ఆడిటర్ల సంతకం కూడా అబద్ధం కిందే పడింది. నిజం పక్కాగా ఉన్నది ఒక్క అబద్ధమాడిన మనిషి దగ్గరే! చివరికి మేటాస్‌ను కొనేసి, లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు నింపుదామని చూశారట. అంటే అంతా అయ్యాక ఆయన వెతుక్కున్నది కూడా కాస్త నిజమే. మదుపుదార్లు ఎదురు తిరగడంతో ఆ బేరం కుదరలేదు. 2015 ఏప్రిల్‌లో కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది.

ఓట్ల సంగతికొస్తే సిద్ధాంతం ఇంకా పదునెక్కుతుంది. 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు, మగవాళ్లు రోడ్డెక్కారు. రోడ్డు బాగాలేదనో నీళ్లు రావడం లేదనో కాదు. పక్కింటికి కవరొచ్చింది, తమకు రాలేదు. పంచేవాళ్లు మధ్యలో నొక్కేశారని వాళ్ల ఫిర్యాదు. లంచం పంచడంలో నిజాయితీ లోపించిందని ప్రజలు ధర్నాకు దిగిన ఘట్టం ప్రజాస్వామ్య చరిత్రలో మరెక్కడైనా ఉందో లేదో! పంచేవాడు కూడా తక్కువ తినలేదు. డబ్బు చేతిలో పెట్టేముందు దేవుడి పటం మీద ఒట్టేయించుకునే అలవాటు ఊళ్లలో తెలియనిది కాదు. తాను చట్టానికి చేసే మోసంలో ఓటరు తనను మోసం చేయకూడదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని 2022 నుంచి నిబంధన. 93 శాతం ఓట్లు పడ్డ మునుగోడు ఉప ఎన్నిక జరిగింది ఆ ఏడాదే. అక్కడ ఎవరెంత ఖర్చు పెట్టారో చాయ్ హోటల్లో అడిగితే ఒక లెక్క వస్తుంది, అధికారులకిచ్చిన కాగితాల్లో వెతికితే ఇంకొకటి.

ఇంతా చేసి, ఎవరైనా నిలదీస్తే శాస్త్రం అడ్డం పెడతారు. పెళ్లిళ్లలో, ప్రాణం మీదికొచ్చినప్పుడు, డబ్బుకూ మానానికీ ముప్పొచ్చినప్పుడు అబద్ధమాడొచ్చని భాగవతంలోనే ఉందంటారు. ఉంది. పోతన అష్టమ స్కంధంలోనే ఉంది. అయితే ఆ మాట అన్నది శుక్రాచార్యుడు, విన్నది బలి చక్రవర్తి. ఆ సలహా తనకక్కర్లేదని బలి అక్కడే తోసిపుచ్చాడు. కథలో ఆ గురువుగారికి తర్వాత ఒక కన్ను కూడా పోయింది. తెలుగువాళ్లు అంత పెద్ద ఘట్టంలోంచి శిష్యుడు కాదన్న సలహా ఒక్కటీ ఏరుకుని, బలినీ కంటినీ అక్కడే వదిలేసి వచ్చారు. హరిశ్చంద్రుడికి పట్టిన గతీ అలాంటిదే. నాటకంలో కాటిసీను పద్యాలకు తెల్లవార్లూ వన్స్‌మోర్లు కొట్టి, తెల్లారాక ఎవరైనా ఉన్నదున్నట్టు చెబితే "పెద్ద హరిశ్చంద్రుడివి మరి" అని తిడతారు. మరీ కోతలు కోసేవాడైతే హరిశ్చంద్రుడి పక్కింటివాడంటారు. లెక్క చూస్తే ఆ మహారాజుకు ఇరుగుపొరుగు బాగానే ఉన్నట్టుంది.

నిజం చెప్పడం వరకు సరే, తెలుసుకోవడం వల్ల మాత్రం ఏం ఒరుగుతుందన్నది ఈ సిద్ధాంతానికి రెండో కొమ్మ. దీనికి నల్లగొండ జిల్లాలోనే చోటు దొరకడం విచిత్రం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే త్రిపురారం వైపు వదిలేసి పడమటికి, మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి దిక్కు వెళితే భూమి అడుగు రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బోరు నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి. ఆ తేట నీళ్లు తాగే పిల్లల పళ్లు గోధుమరంగుకు తిరిగాయి, ఏళ్లు గడిచేకొద్దీ నడుములు వంగాయి, కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. ఆ సంగతి నాలుకకు తెలియదు, పరీక్షనాళికకే తెలుస్తుంది. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు మన దేశంలో మొదట బయటపడింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. 1970లలో నాగపూర్ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. టాంజానియా, ఇథియోపియాలు కూడా ఆ పేరుతో నీళ్లు శుద్ధి చేసి చూశాయి. నల్లగొండ పల్లెలు మాత్రం కృష్ణా నీళ్ల కోసం దశాబ్దాల పాటు దరఖాస్తులు పెట్టుకుంటూనే ఉన్నాయి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు.

ఇప్పుడు కుళాయి వచ్చింది. చాలా ఇళ్లలో ఆ నీళ్లు బర్రెలకు, గిన్నెలకు. తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల క్యాను, దాని మీద మినరల్ వాటర్ అని ముద్ర. ఆర్వో యంత్రం చేసే పనే నీళ్లలోని మినరల్స్ తీసేయడం. ఉన్నవి తీసేసి, తీసేసినవాటి పేరే పెట్టి అమ్ముతారు. ఆ క్యాను నీళ్లను ఎప్పుడైనా పరీక్ష చేయించారా అని అడిగితే ఇంటాయన నవ్వుతాడు. "చల్లగుంటయి గద!"

అందరికీ తెలిసి, ఏ కాగితం మీదా కనపడని నిజాలు ఇంకో రకం. రేషన్ దొడ్డుబియ్యాన్ని ఎందరు వండుకున్నారో ఎవరిని అడిగినా చెబుతారు. వీధిలోకి వచ్చిన ఆటో అటునుంచి అటే బస్తాలు ఎత్తుకుపోయేది. అదే బియ్యం చుట్టూ తిరిగి మళ్లీ సర్కారు గోదాముకు చేరేదన్న సంగతి బడికెళ్లే పిల్లలకు కూడా తెలుసు. రిజిస్టర్లో మాత్రం అందరూ తిన్నట్టే. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం పథకం మొదలుపెట్టినప్పుడు, దొడ్డుబియ్యం జనం తినడం లేదన్న మాటను సర్కారే మైకులో చెప్పింది. ఏళ్లకేళ్లుగా కార్డుకూ డీలరుకూ ఆటోకూ తెలిసిన రహస్యం అలా అధికారికమైంది. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

త్రిపురారం హోటల్లో చాయ్ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఆ రైతు ఫోను మోగుతుంది. అవతల పెండ్లిళ్ల పేరయ్య. కోదాడ దిక్కు సంబంధం, పిల్లగాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు, ఏడాదికి పద్దెనిమిది లక్షలు, చెడు అలవాట్లు సున్నా. రైతు గోల లేని చోటు వెతుక్కుంటూ లేచి, రోడ్డు మీది తన వడ్ల దగ్గరికి నడుస్తాడు.

"అయ్యన్ని సరే గని అన్నా, నిజం చెప్పు. నెలకు చేతికొచ్చేదెంత? నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు."

అవతలాయన ఒక్క క్షణం తడుముకోకుండా ఒట్టేస్తాడు. రైతు ఊ కొట్టి ఫోను పెట్టేస్తాడు. ఆ వెంటనే కోదాడలో ఉన్న బామ్మర్దికి కలుపుతాడు. "బామ్మర్దీ, పొద్దుగాల్నే జర ఆ ఊరికి పోయి అరుసుకొని రా. వాళ్లింట్ల అడగకు, వాళ్ల పక్కింటోళ్లను అడుగు." మాట్లాడుతూనే కుప్ప చుట్టూ తిరుగుతూ, అంచున ఎండిన వడ్లను కాలితో పైకి నెట్టి, రేపటి మిషన్ కోసం పైపొర సర్దుతుంటాడు.