వెట్ ల్యాండ్, వెట్‌ల్యాండ్, వేస్ట్ ల్యాండ్: సటీకం

మూలంలోని మూడు మాటలూ ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాల కాగితాల్లో తరచూ కనబడేవే. రూపంలో కవలలు, అర్థంలో దాయాదులు.

పదచ్ఛేదం. మొదటిది రెండు పదాలు. వెట్, తడిసినదైన, ల్యాండ్, నేల. విశేషణ పూర్వపద కర్మధారయం. రెవిన్యూ వ్యవహారంలో ఇది పల్లం, అంటే కాలువ కింద వరి పండే భూమి. తడి ఉండి తీరాలన్న నియమం లేదు. ఎండాకాలం నెర్రెలిచ్చినా దస్త్రంలో పల్లమే. దీనికి ప్రతియోగి డ్రై ల్యాండ్, అనగా మెట్ట. తాడేపల్లిగూడెం దగ్గర స్థూలంగా ఏలూరు కాలువకు దిగువ పల్లం, ఎగువ మెట్ట.

రెండోదానిలో నడిమి ఖాళీకి లోపం వచ్చింది. దాంతో అది యోగరూఢి అయింది. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్టే, తడిసిన నేలలన్నీ వెట్‌ల్యాండ్ కావు. దీని అర్థం చిత్తడి నేల. ఇరాన్‌లోని రామ్‌సర్‌లో 1971లో కుదిరిన ఒప్పందం ఈ మాటకు ప్రమాణం. ఆ జాబితాలోకి కొల్లేరు 2002లో, 90,100 హెక్టార్ల విస్తీర్ణంతో ఎక్కింది.

పూర్వపక్షం: ఊడ్చిన చేలో నీళ్లు నిలుస్తాయి గదా, పల్లం మాత్రం చిత్తడి నేల ఎందుకు కాదు? సమాధానం: రామ్‌సర్ మతంలో అవుతుంది, అక్కడి వర్గీకరణ వరిపొలాన్ని మానవ నిర్మిత చిత్తడి నేలగా లెక్కిస్తుంది. ఢిల్లీ మతంలో కాదు. 2017 నాటి కేంద్ర నియమాలు వరిచేలనూ, చేపల పెంపకానికి తవ్విన చెరువులనూ నిర్వచనం నుంచి తొలగించాయి. కొంగకు ఈ మతభేదం తెలియదు, రెండుచోట్లా దిగుతుంది.

ఇక్కడ ప్రసక్తానుప్రసక్తంగా కాంటూరు, కౌంటరు. సముద్రమట్టానికి ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలిపే గీత కాంటూరు. ఎదుటి పక్షం కోర్టులో వేసే జవాబు కౌంటరు. 1999లో కొల్లేటిలో ఐదో కాంటూరు వరకు, అంటే 5 అడుగుల ఎత్తు వరకు, 308.55 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. (నీళ్లే తప్ప అరణ్యం లేని చోటికి ఆ పేరెలా వచ్చిందంటే, అది శాంక్చురీ అన్న మాటకు తెలుగు చేసిన వారి చలవ.) ఆ హద్దులోని చేపల చెరువుల గట్లను 2006లో పొక్లెయిన్లు తెంచాయి. 2008లో శాసనసభ ఐదును మూడుకు దించమని తీర్మానించింది. కాంటూరు కదిలినప్పుడల్లా కౌంటర్లు పుడతాయని లంక వ్యాకరణం.

మూడోది వేస్ట్ ల్యాండ్. ఎత్వానికి దీర్ఘం, సకారాగమం. అర్థం బంజరు. పాడైన నేల అని కాదు, సాగు లేని నేల అని భావం. ఈ లెక్కన ఆటపాక దగ్గర గూడబాతులు గుడ్లు పెట్టే తావు కూడా ఒకనాటి శిస్తు గుమాస్తా కంటికి వ్యర్థమే అయ్యుండాలి.

బండ్ గట్టు, బాండ్ దాని మీద రాసుకున్న లీజు కాగితం. శేషం స్పష్టం.