పచ్చ చుక్క కింద ఎర్ర సాసు

గోబీ, పనీర్, మష్రూమ్, బేబీకార్న్. ఇవి నాలుగు. మంచూరియా, చిల్లీ, 65, షెజ్వాన్, హాట్ గార్లిక్. ఇవి అయిదు. నాలుగైదులు ఇరవై. ఒక్కోదానికీ మళ్ళీ డ్రై, గ్రేవీ అని రెండేసి. ఇరవై రెండ్లు నలభై. హిందూపురంలో ఆదివారం సాయంత్రం మా చేతికిచ్చే మెనూ కార్డులో శాకాహారుల పేజీ ఇదే. ఎక్కాల పుస్తకం చిరిగిపోయిన ఇంట్లో పిల్లలకు దీంతోనే లెక్కలు నేర్పొచ్చు. నలభై పేర్లు, నలభై ధరలు, పక్కన నలభై పచ్చ చుక్కలు. సాసు మాత్రం ఒక్కటే.

ఊరికే నోరు పారేసుకోవడం లేదు. మా వైపు చైనీస్ పొయ్యి హోటలు లోపల ఉండదు, వాకిట్లో ఉంటుంది. వాసనకే జనం లోపలికి రావాలని యజమాని ఎత్తు. అందువల్ల దాపరికం లేదు. మాస్టరు గరిటె మూలతో ఒక స్టీలు గిన్నెలోని ఎర్రముద్ద తీస్తాడు, ఇంకో గిన్నెలోని నల్లనీళ్ళు తీస్తాడు, కాస్త వినిగర్ చిలకరిస్తాడు. కార్న్‌ఫ్లోర్ నీళ్ళు పోస్తే గ్రేవీ, పోయకుంటే డ్రై. క్యాప్సికమ్ ముక్కలు పడితే చిల్లీ. కరివేపాకు పడితే 65. వెల్లుల్లి కొంచెం ఎక్కువ పడితే హాట్ గార్లిక్, ఇంకొంచెం ఎక్కువ పడితే షెజ్వాన్. మంట మాత్రం అన్నిటికీ మనిషెత్తు లేస్తుంది. పిల్లలు అది చూసి చప్పట్లు కొడతారు.

"చికెన్‌కు వేరే కడాయి ఉంది కదా?" అని ప్రతిసారీ అడుగుతాను.

"వేరేనే సార్" అంటాడు సర్వరు, నేనూ తనూ ఆ ఒక్క కడాయినే చూస్తుండగా. మాస్టరు అందులో గరిటెడు నీళ్ళు పోసి, పుల్లల చీపురుతో ఒక్క తిప్పు తిప్పి, కాలవలోకి విసురుతాడు. చికెన్‌కూ మనకూ మధ్య ఉన్న కట్టుబాటంతా ఆ ఒక్క తిప్పులోనే ఉంది.

అసలు ఈ వంటకం మనకోసం పుట్టింది కూడా కాదు. కోల్‌కతాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో వండుతున్నప్పుడు, మెనూలో లేనిదేదైనా చెయ్యమని ఎవరో అడిగారట. ఆయన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేసి, మసాలా పొడి దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని సోయా సాసు, కార్న్‌ఫ్లోర్ వేశాడట. అట్లా చికెన్ మంచూరియన్ పుట్టిందంటారు. మనవాళ్ళు అందులో కోడిని ఖాళీ చేయించి గోబీని అద్దెకు దింపారు. మంచూరియా నుంచి ఎవరైనా వచ్చి తింటే ఇది ఏ దేశపు వంటని మననే అడుగుతాడు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, ఎక్కడో పవర్‌లూము మీద నేసి ఆ ఊరి పేరు పెట్టి అమ్మితే మావాళ్ళు కొట్లాటకు పోతారు. చైనావాళ్ళు ఈ విషయంలో ఇంతవరకు నోరెత్తలేదు. పెద్దమనసు.

ఇక రంగు సంగతి. ఇక్కడ కొంచెం కూర్చోవాలి.

హిందూపురం పేరుకు ఆంధ్రలో ఉందిగానీ దాదాపు ఏ దిక్కుకు పోయినా కాసేపటికి కన్నడ బోర్డు ఎదురొస్తుంది. పెళ్ళి సంబంధాలు, పాల వ్యాపారం, పంటి డాక్టరు, సగం అటువైపే. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో కృత్రిమ రంగులు వాడకూడదని ఆర్డరు వేసింది. గోబీ శాంపిళ్ళు 171 పరీక్షిస్తే 107 పనికిరానివని తేలాయి. టార్ట్రజైన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిజిన్ అని పేర్లు కూడా బయటపెట్టారు. ఆరోగ్యమంత్రి దినేశ్ గుండూరావు స్వయంగా చెప్పారు కాబట్టి అటువైపు బండ్లవాళ్ళు కొన్నాళ్ళు బాగా భయపడ్డారు.

దానితో వింత మొదలైంది. అటువైపు గౌరీబిదనూరులో పెళ్ళికి పోతే గోబీ తెల్లముఖం వేసుకుని వచ్చింది, జ్వరం తగిలి లేచిన మనిషికి పథ్యం పెట్టినట్టు. తిరిగి హిందూపురం చేరాక తింటే ఎప్పటి ఎరుపే. రంగుల విషయంలో కేంద్రం నిబంధనలు సరిహద్దుకు అటైనా ఇటైనా ఒకటే. కానీ గోబీకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. చెక్‌పోస్టు దాటగానే దానికి రక్తం పడుతోంది.

మా అత్త ధర్మవరం మనిషి. నాకు సొంత మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. పుట్టిన దగ్గర్నుంచి పట్టునూలు, రంగు తొట్ల మధ్య తిరిగింది కాబట్టి రంగు విషయంలో ఆమెకు ప్రభుత్వ లాబొరేటరీతో పని లేదు. పీచుమిఠాయిలో రోడమిన్-బి దొరికిందని మా పిల్ల పేపరు చదివి వినిపిస్తే, "అది గుడ్డలకేసేది కదమ్మా, నోట్లో ఏంటికి పెట్టుకున్నారు?" అనింది. ఆ ఆదివారమే హోటల్లో పరీక్ష పెట్టింది.

కాగితం న్యాప్‌కిన్ తీసుకుని మూల నీళ్ళలో తడిపింది. గోబీ ముక్కను ఎడమచేతి రెండు వేళ్ళతో పట్టుకుని, అంగడిలో చీర కొంగు చూసినట్టే, ఒక్కసారి రుద్దింది. న్యాప్‌కిన్ మీద నారింజ రంగు మరక, అంచుల్లో పసుపు విడిపోయి కనిపిస్తోంది.

"రంగు పోతాంది" అనింది.

సర్వరు పిల్లవాడు దగ్గరికొచ్చాడు. "ఏం కావాలమ్మా?"

"ఏం నాయనా, దీంట్లో వినిగర్ వేసినారా?"

"వేస్తామమ్మా."

"మేం గూడా పట్టుకు రంగేసేటప్పుడు ఆసిడ్ పోస్తాం. పోస్తేనే రంగు పట్టేది. మీది పోసినా పట్టలా. ఎంతసేపు ఉడకబెట్టినారు?"

ఆ పిల్లవాడికి హోటలు కాలేజీలో ఇది చెప్పి ఉండరు. నాకేసి చూశాడు. నేను మెనూ కార్డులోకి చూశాను. అత్త మాత్రం వదల్లేదు. పనీర్ ప్లేటు దగ్గరికి జరుపుకుని దాన్నీ రుద్దింది. న్యాప్‌కిన్ దాదాపు తెల్లగానే ఉంది.

"ఇది చూడు, పట్టింది. పట్టు పురుగుది, ఇది పాలది. వీటికి పట్టే రంగు నూలుకు పట్టదు, ఆకుకూరకు పట్టదు. గోబీ కూరగాయే కదా, దానికి యాడ పడుతుంది?"

మా బావమరిది సైన్సు చదివినవాడు. పట్టులోనూ, ఉన్నిలోనూ, పనీర్‌లోనూ ప్రొటీన్ ఉందనీ, ఆసిడ్ రంగులు ప్రొటీన్‌ను పట్టుకుంటాయనీ, అమ్మ చెప్పింది సరిగ్గా పుస్తకంలో ఉన్నదేననీ మెల్లగా ఒప్పుకున్నాడు. మన నాలుక కూడా ప్రొటీనే కాబట్టి అది మర్నాడు ఉదయం దాకా ఎందుకు ఎర్రగా ఉంటుందో కూడా తెలిసిపోయింది. గోబీ కన్నా పనీర్‌కు 40 రూపాయలు ఎందుకు ఎక్కువని నేను అడుగుతూ వచ్చిన ప్రశ్నకూ ఆ రోజే జవాబు దొరికింది. పక్కా రంగు, అందుకు.

నవ్వులాటకు చెప్పినా నా బాధ నిజమైనదే. హిందూపురం మార్కెట్ యార్డుకు పోయి చూడండి. ఎండుమిరప రాశులు పోసి ఉంటాయి. బ్యాడిగి మిరప కారం తక్కువ, రంగు ఎక్కువ. నానబెట్టి రుబ్బి వేస్తే ఏ రంగు పొట్లం అక్కర్లేని ఎరుపు వస్తుంది. ఊరంతా ఎరుపు పెట్టుకుని పొట్లంలోని ఎరుపు కొనుక్కోవడం ఏమిటి? యజమానిని అడిగితే, మిరప ధరకూ పొట్లం ధరకూ తేడా చెప్పాడు. దాని తర్వాత "మీరొక్కరే సార్ అడిగేది, మిగతావాళ్ళు ఎర్రగా లేకుంటే వాపసు పంపుతారు" అన్నాడు. ఆ రెండో మాటకు నా దగ్గర జవాబు లేదు. వాపసు పంపేవాళ్ళలో మా చిన్నది ఒకతె.

సరే, చైనా వద్దు, ఇంకో దేశం చూద్దామనుకున్నాం. పెనుకొండ దగ్గరే కదా. 1565లో తల్లికోటలో ఓడాక విజయనగర రాజులు రాజధాని ఎత్తుకుని వచ్చిన ఊరు. ఇప్పుడు యర్రమంచిలో కియా ఫ్యాక్టరీ. 2019లో అక్కడ కార్లు తయారుకావడం మొదలయ్యాక హైవే పక్క బోర్డుల మీద తెలుగు, కన్నడం చాలవని కొరియా లిపి కూడా వచ్చింది. బావమరిది ఆ ఫ్యాక్టరీకి సామాన్లు చేసే ఒక కంపెనీలో పని చేస్తాడు. కొరియా హోటలుకు వాడే పిలుచుకుపోయాడు.

ముందుగా చిన్న గిన్నెల్లో కిమ్చీ తెచ్చి పెట్టారు. ఎర్రగా, కారంగా, పులుపు వాసనతో, చూడటానికి మన బంధువే. వడ్డించే అబ్బాయి సోమందేపల్లి వైపువాడు.

"ఇది వెజ్జే కదా?"

"క్యాబేజీనే సార్."

"క్యాబేజీ సరే, ఇంకేం వేస్తారు?"

"కారం, వెల్లుల్లి, చేపల సాసు."

"చేపలా?"

"సాసే సార్. చేప ఉండదు."

వాడు అబద్ధం చెప్పలేదు, వెతికితే చేప దొరకదు. తర్వాత వచ్చిన అన్నం గిన్నె, బిబింబాప్, చాలా అందంగా ఉంది: క్యారెట్, పాలకూర, మొలకలు వరసలు వరసలుగా, నడుమ గుడ్డు. గుడ్డు వద్దని ముందే చెప్పామంటే, "అయ్యో మర్చిపోయినారు సార్" అని మా ఎదురుగానే స్పూనుతో గుడ్డు ఎత్తి పక్కన పెట్టి, "ఇప్పుడు వెజ్" అన్నాడు. నేను, అత్త పెరుగు అడిగాం. పెరుగు లేదు.

అన్యాయం ఏమిటంటే, కొరియాలో శాకాహారం లేక కాదు. అక్కడి బౌద్ధ ఆలయాల్లో మాంసం, చేప ముట్టరు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. ఏకాదశి వస్తే ఉల్లిపాయ బుట్టను మెట్ల కిందికి తోసే మా అత్త అక్కడైతే దర్జాగా కూర్చుని భోంచేసేది. ఆ వంట మాత్రం యర్రమంచి దాకా రాలేదు. కార్లతో పాటు వచ్చింది ఇంజినీర్లే, సన్యాసులు కాదు.

ఇన్ని వంకలు పెట్టే నాకు ఇంట్లో ఒక విషయం అర్థం కాకుండా ఉండేది. రంగు పోతుందని న్యాప్‌కిన్ పరీక్ష పెట్టిన మనిషే శనివారం రాత్రి అయ్యేసరికి, "రేపు పోయేది లేదా?" అంటుంది. పిల్లలు కాదు, ఆమే. ఒకసారి అడిగేశాను, "నీకు అంత నచ్చనప్పుడు ఏంటికి అత్తా?" అని.

ఆమె తిన్నగా జవాబు చెప్పలేదు. ధర్మవరంలో ఇంటి నడుమ గుంట మగ్గం. మామ నేసేవాడు. కండెలు చుట్టేది ఈమె, తెగిన పోగులు అతికేది ఈమె, నడుమ లేచి సంగటి కెలికేదీ ఈమె. చీర కూలి మామ చేతికి వచ్చేది. కండెలకు కూలి అని విడిగా ఏమీ లేదు. హోటలు కూడు అంటే ఆ ఇంట్లో ఒకటే అర్థం: ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని. "వాడు వచ్చి అడుగుతాడు చూడు, ఏం కావాలమ్మా అని. నన్ను ఎవరడిగినార్రా ఆ మాట?" అనింది, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు. మా ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. నేను కాసేపు పేపరు తిరగేశాను, అదే పేజీ.

పోయిన ఆదివారం కార్డు ఆమె చేతికే ఇచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి మొదలుపెట్టింది. గోబీ మంచూరియా డ్రై, గోబీ మంచూరియా గ్రేవీ, గోబీ చిల్లీ డ్రై... పెదాలు కదుపుతూ, ధరతో సహా. పిల్లలకు ఆకలి. సర్వరు ఈ కాలు మీద నుంచి ఆ కాలు మీదికి మారుతున్నాడు.

"అన్నీ ఒకటే అత్తా, ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

"ఊరికే ఉండప్పా, చదవనీ."

రెండో వైపు కూడా తిప్పి, చివరాఖరికి బేబీకార్న్ షెజ్వాన్ గ్రేవీ అనింది. పేజీలో అన్నిటికన్నా ఎక్కువ ధర దానిదే. వచ్చింది. అదే ఎరుపు, అదే జిగురు, పైన అదే ఉల్లికాడ. న్యాప్‌కిన్ జోలికి పోకుండా తినింది.

"ఇది వేరే. పోయినసారి తిన్నది కాదు" అనింది.

నేనూ ఒక ముక్క తిన్నాను. "అవునత్తా, వేరే" అన్నాను. గోబీ మీద 40 రూపాయలకు పైనే అప్పటికే బిల్లులో ఎక్కి ఉంది.