ఎట్టకేలకు నాకో పాఠకుడు

తెలుగులో రాసేవాడికి డబ్బు రాదు, పేరు రాదు, పాఠకుడు అసలే రాడు. ఆస్ట్రేలియాలో కూర్చుని రాసేవాడికి ఈ మూడూ రావని ముందే తెలుసు కాబట్టి ఓ రకమైన నిశ్చింత. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 60 వేలమంది. మాట్లాడేవాళ్లు సుమండీ. చదివేవాళ్లను లెక్కపెట్టే ధైర్యం ఏ ప్రభుత్వమూ చేయలేదు. అలాంటి నాకు అమెరికా ప్రభుత్వం ఒక పాఠకుణ్ణి మంజూరు చేసింది.

వార్త మీరూ చూసే ఉంటారు. వీసా అక్కర్లేకుండా ఎస్టా అనే అనుమతితో అమెరికా వెళ్లొచ్చే 42 దేశాల వాళ్లు ఇకమీదట గత ఐదేళ్ల సోషల్ మీడియా వివరాలు ఇచ్చి తీరాలని అక్కడి కస్టమ్స్, సరిహద్దు రక్షణ శాఖ 2025 డిసెంబరు 10న ప్రతిపాదించింది. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు పుణ్యమా అని ఆ 42 దేశాల జాబితాలో నేనూ ఉన్నాను. ఆ సోషల్ మీడియా గడి 2016 నుంచీ ఫారంలో ఉన్నదే, నింపినా నింపకపోయినా అడిగేవాడు లేడు. ఇప్పుడు తప్పనిసరి చేస్తారట. టూరిస్టులు తగ్గిపోతారేమో అని విలేకరులు అడిగితే అధ్యక్షులవారు అబ్బే అదేం లేదన్నారు. తప్పుడు మనుషులు లోపలికి రాకూడదు, అంతేనట.

ఇంతకీ నేను వెళ్దామనుకున్నది ఎక్కడికి? నయాగరాకి. జూలై బడి సెలవుల్లో, న్యూజెర్సీలో ఉన్న మా అక్కయ్య వాళ్లతో కలిసి, నీళ్లు కిందికి పడుతుంటే చూడ్డానికి. నీళ్లు చూడ్డానికి వెళ్లేవాడి రాతలు చదవడం దేనికని మీరు అడగొచ్చు. నేను అడగను. దొరక్క దొరక్క దొరికిన పాఠకుణ్ణి ప్రశ్నలేసి పోగొట్టుకునే తెలివితక్కువవాణ్ణి కాను.

పైగా ఎలాంటి పాఠకుడు! జీతం తీసుకుని చదువుతాడు. మధ్యలో వదిలేయడానికి వీల్లేదు. 'తర్వాత తీరిగ్గా చదువుతానండీ' అని లైకు కొట్టి తప్పించుకునే రకం కాదు. ఐదేళ్లలో నేను పెట్టిన ప్రతి పోస్టూ, దాని కింద కామెంట్లూ, ఆ కామెంట్లకు నేనిచ్చిన జవాబులూ చదివితే గానీ నేను జలపాతం చూడదగిన మనిషినో కాదో తేల్చలేడు. నలభై డాలర్లు కట్టాలంటే మా ఆవిడ గునిసింది. 2025 సెప్టెంబరు 30 దాకా 21 డాలర్లే ఉండేది, నిజమే. కానీ ఈ రోజుల్లో నలభై డాలర్లకు సంపూర్ణ రచనల్ని చదివిపెట్టే విమర్శకుడు ఎక్కడ దొరుకుతాడు? సొంత డబ్బుతో పుస్తకం అచ్చేసుకుని, ఆవిష్కరణ సభ పెట్టి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టి పంచితే కూడా వాళ్లు పుస్తకాన్ని కుర్చీలో వదిలేసి పోతున్నారు.

నాకు బెంగల్లా ఆయన గురించే. వాషింగ్టన్ చుట్టుపక్కల ఏ ఆఫీసులోనో సోమవారం పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని నా ఫేస్‌బుక్ తెరుస్తాడు. మొదట తగిలేది ఆంధ్రప్రదేశ్ మూడు రాజధానుల గొడవ. ఆ రోజుల్లో నేను రోజుకో పోస్టు పెట్టాను. రాజధాని అక్కడికి మార్చాలి, ఇక్కడే ఉంచాలి, ముక్కలు చేయకూడదు అని జనం నా గోడ మీద కొట్టుకు చచ్చారు. ఈయన ఉలిక్కిపడి, దరఖాస్తుదారుడికి రాజధానుల తరలింపుతో సంబంధం ఉన్నట్టుంది అని పై అధికారికి నోటు పెడతాడు. ఆ పై అధికారికి అమరావతి ఎక్కడుందో, కర్నూలులో ఏముందో, విశాఖ ఎందుకొచ్చిందో చెప్పాలి. మనకే ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. ఆయన 2024 ఎన్నికలకు చేరేసరికి అమెరికా పన్ను చెల్లింపుదారుల సొమ్ము ఎంత కరుగుతుందో మరి. ఆ తర్వాత సంక్రాంతి సినిమాల సీజను. మా మేనల్లుడు థియేటర్లు బద్దలైపోవాలని శపథం చేసి, నన్ను ట్యాగ్ చేశాడు.

అందుకని ఆయనకు సాయంగా ఓ పెద్ద బాలశిక్ష పంపుదామనుకుంటున్నాను. అలాగే మెల్బోర్న్‌లో ఆయనకో సన్మానం. శాలువా, జ్ఞాపిక, పూలదండ. సన్మాన పత్రం నేనే రాస్తాను, ఎలాగూ చదివేది ఆయనే. ముఖ్య అతిథి గంటంపావు మాట్లాడి సమయాభావం వల్ల ముగిస్తున్నానంటాడు, ఆ తర్వాతే పులిహోర. తెలుగువాణ్ణి చదవడమంటే ఏమిటో అప్పుడు పూర్తిగా తెలిసొస్తుంది.

మా ఇంట్లో అప్పుడే అందరూ ఆయన కోసం రాయడం మొదలెట్టారు. దోసకాయ పప్పు ఫొటో పెట్టబోతూ మా ఆవిడ 'ఆయన కారం తింటాడంటారా?' అంది. గుంటూరులో మా బాబాయి రోజూ తెల్లారకముందే గులాబీ మీద శుభోదయం రాసి, కిందో సూక్తి తగిలించి నన్ను ట్యాగ్ చేస్తాడు. ఐదేళ్లకు 1800 పైచిలుకు గులాబీలు. సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆయన సూక్తుల్లో అమెరికా, లింకన్ మహాశయుడు ఎక్కువయ్యారు.

ప్రతిపాదనలో ఇంకో జాబితా కూడా ఉంది, వీలు చిక్కినప్పుడు అడుగుతామన్నవి. ఐదేళ్లుగా వాడిన ఫోన్ నంబర్లు, పదేళ్లుగా వాడిన ఈమెయిళ్లు, ఎక్కించిన ఫొటోల లోపల దాగిన సమాచారం, అమ్మానాన్నల, తోబుట్టువుల, భార్యాబిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు, పుట్టిన ఊళ్లు. ఇవి చాలకపోతే మొహం, వేలిముద్రలు, కంటిపాప, డీఎన్ఏ. ఇంత శ్రద్ధగా వంశం ఆరా తీసినవాళ్లను నేను పెళ్లి సంబంధాలప్పుడు కూడా చూడలేదు. కానీ మా నాన్నగారి పుట్టిన తేదీ దగ్గర ఆయన బోల్తా పడతాడు. సర్టిఫికెట్‌లో ఉన్నది బళ్లో చేర్చిన రోజున పంతులుగారు తన సౌకర్యం కొద్దీ వేసిన తేదీ. అసలు తేదీ మా నాయనమ్మకే తెలుసు. అదీ తేదీగా కాదు. మిరపతోట కోతలప్పుడు, ఎర్రావు ఈనిన వారానికి. ఆ గడిలో ఎర్రావును ఇరికించడం ఎలాగో అమెరికా ప్రభుత్వం సెలవియ్యాలి.

జలపాతం మాట మరిచిపోయాం కదూ. ఆ శాఖవారూ మరిచిపోయారు. నయాగరాలో ఎన్ని నీళ్లు పడాలో 1950లో అమెరికా, కెనడా ఓ ఒప్పందం రాసుకున్నాయి. టూరిస్టుల సీజనులో పగలు సెకనుకు లక్ష ఘనపుటడుగులు, మన ప్రాజెక్టుల లెక్కలో లక్ష క్యూసెక్కులు. రాత్రి అయితే సగం చాలు, మిగతాది కరెంటుకు. 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది. దాన్ని చూడ్డానికి ఏ ప్రభుత్వమూ ఎవరి ఫేస్‌బుక్కూ అడగలేదు.

సరే, పాఠకుడు చదవబోయే ముందు ఓసారి మనమూ చూసుకుంటే మంచిదని మొన్న రాత్రి నేనూ మా ఆవిడా ఫోను పట్టుకుని సోఫాలో కూర్చున్నాం. పోస్టు పక్కన మూడు చుక్కలు, వాటిని నొక్కితే డిలీట్. అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దుతున్నట్టే ఉంది. ఇది ఉంచుదామా, తీసేద్దామా? గాజా మీద రాసింది? తీసేయండి. అమెరికాలో తుపాకుల మీద? తీసేయండి. అధ్యక్షులవారి జుట్టు మీద జోకు? అది రాసింది నేను కూడా కాదు, షేర్ చేశానంతే. తీసేయండి, ఎందుకొచ్చిన గొడవ.

అలా వెనక్కి వెళ్తూ వెళ్తూ 2021 ఏప్రిల్, మే నెలల దగ్గరికి వచ్చాం.

'విజయవాడలో ఆక్సిజన్ బెడ్ అర్జెంటుగా కావాలి, దయచేసి షేర్ చేయండి.' దాని కింద ఎవరో పెట్టిన నంబర్లు. ఫలానా ఆసుపత్రిలో నిన్న ఉన్నాయి, ఇప్పుడు లేవు. దాని కింద 'దొరికిందా అండీ?' దాని కింద 'ఇక అక్కర్లేదండీ, థాంక్స్.' ఇలాంటివి ఒకటి కాదు, రెండు కాదు. ఇవాళ్టికి ఆ పేర్లున్న మనుషులు సగం మంది లేరు. ఆ మే 3 నుంచి 15 దాకా, ఇండియా నుంచి తిరిగొచ్చే సొంత పౌరుల్ని కూడా రానివ్వమనీ, వస్తే ఐదేళ్ల జైలు, 66,600 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేయొచ్చనీ ఆనాటి ఆస్ట్రేలియా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మెల్బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో, పాయింట్ కుక్‌లో మనవాళ్లు కన్నవాళ్ల దహనాలు ఫోనులో చూసి, స్నానం చేసి, మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఆ వారాల్లో నేను రాసిందంతా ఏడుపే, కోపమే. ఆ ప్రభుత్వాన్ని అన్న మాటలు కూడా అందులో ఉన్నాయి.

ఇది చదువుతావా నువ్వు? చదివి ఏం తేలుస్తావు? చచ్చిపోతున్న మనిషికి మంచం వెతికినవాడు నీళ్ల దగ్గర నిలబడటానికి అర్హుడా కాదా అనా? ఆ కామెంట్ల కిందున్న పేర్లు, ఫోన్ నంబర్లు నీ కంప్యూటర్‌లో ఏ అరలో దాస్తావు? ఎన్నాళ్లు దాస్తావు? వాళ్లలో ఎవరూ అమెరికా వస్తామని నిన్ను అడగలేదే.

నువ్వు పాఠకుడివి కావు. పాఠకుడి కోసం మనిషి ఇంకో వాక్యం రాస్తాడు. నీ కోసం ఉన్న వాక్యం చెరుపుకుంటున్నాడు. నీకు ఇంకా ఫారం పంపకముందే, నువ్వింకా ఒక్క ముక్క చదవకముందే, మా ఇంట్లో ఒక రాత్రిలో ఏళ్ల తరబడి మాటలు పోయాయి. నీకు కావలసింది కూడా అదే.

ఇంకొక్క మాట, ఇది మనవాళ్లకు. ఈ ప్రతిపాదన వచ్చాక ఆస్ట్రేలియా టీవీల్లో, రేడియోల్లో ఇది పౌర హక్కుల మీద దాడి అని చర్చలు నడిచాయి. మంచిదే. కానీ అమెరికా వీసా ఫారం నింపే ప్రతివాడి దగ్గరా ఈ ఐదేళ్ల వివరాలే 2019 మే నుంచీ తీసుకుంటున్నారు. కూతురికి పురుడు పోయడానికి వెళ్లే మా అత్తగారి వయసు ఆడవాళ్లు, యూట్యూబ్‌లో ప్రవచనాలు వినడం తప్ప ఇంకేం తెలియనివాళ్లు, అమీర్‌పేట ఏజెంటు పక్కన కూర్చుని ఈ గడులు నింపించుకున్నారు. అప్పుడు ఈ దేశంలో ఏ చర్చా నా చెవిన పడలేదు. ఇండియా పాస్‌పోర్టువాణ్ణి అడిగితే అది నిబంధన, ఆస్ట్రేలియా పాస్‌పోర్టువాణ్ణి అడిగితేనే అది అన్యాయం. 2025 జూన్‌లో, అక్కడ చదువుకోబోయే పిల్లల్ని ఖాతాలు బహిరంగం చేసి పెట్టమన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ వాళ్లనీ, వాళ్ల భార్యాభర్తల్నీ అన్నారు. అంతమందిని చదవడానికి మనుషులు చాలక, ఆ నెల వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు 2026 మార్చికీ ఆపైకీ తోశారు. చెల్లెలి పెళ్లికి పదిహేను రోజుల సెలవు మీద వచ్చినవాళ్లు ఉద్యోగం అక్కడా, పిల్లల బడి అక్కడా పెట్టుకుని హైదరాబాదులో కూర్చున్నారు. అదే వీసా మీద ఉన్న మా అక్కయ్యకు ఈ సంగతి తెలిసే, స్టాంపు లేని పాస్‌పోర్టుతో అమెరికా గడప దాటనని తెగేసి చెప్పింది.

కాబట్టి మేం కెనడా వెళ్తున్నాం. నా పాస్‌పోర్టుకు వాళ్ల అనుమతి 7 కెనడా డాలర్లు. మా ఆవిడ పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే. వదిలేస్తే, రేపు తిరిగెళ్లి స్థిరపడినా ఊళ్లో సెంటు పొలం కూడా కొనలేమని ఉంచుకుంది. ఆవిడకు వీసా 100, వేలిముద్రలకు 85. లాస్ ఏంజెలస్‌లో విమానం మారినా నాకు ఎస్టా కావాలి కనుక సిడ్నీ నుంచి నేరుగా వాంకూవర్. గుర్రపు నాడా ఆకారంలో ఉండే పెద్ద జలపాతం చాలావరకు కెనడాలోనే ఉంది, చూడ్డానికి ఆ ఒడ్డే మంచిదంటారు కూడా. అక్కయ్య వాళ్లు అవతల అమెరికా ఒడ్డుకు వస్తారు. మధ్యలో ఉన్న రెయిన్‌బో వంతెన పొడవు 440 మీటర్లు. వాళ్లు దాటరు, మేం దాటం. తోడబుట్టినవాళ్లం వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. ఆ కాలూ కావాలంటే రాసుకోండి.

తీసేయగా మిగిలినవి ఇక తీసేయను. ఈ కాలమ్ కూడా ఇవాళే ఫేస్‌బుక్‌లో పెడుతున్నాను.

ఆ ప్రతిపాదన వచ్చిన రోజుకు ఇంకా నిబంధన కాలేదు. అభిప్రాయాలు చెప్పడానికి 60 రోజుల గడువిచ్చారు, 2026 ఫిబ్రవరి 9 దాకా. ఏ దేశం వాళ్లయినా రాయొచ్చన్నారు, నాలుగు వాక్యాలైనా చాలు. మన వీసా కష్టాల గురించి ఇళ్లలో, పెళ్లిళ్లలో, గుడి భోజనాల వరసలో గంటలు గంటలు మాట్లాడుకుంటాం కదా, ఇలాంటి గడువు ఎప్పుడిచ్చినా అందులో ఓ పావుగంట దానికివ్వండి. 2019 నుంచీ నింపుతున్న ఫారాల గురించి కూడా రాయండి. ఆ ఒక్కసారికి ఇంగ్లీషులోనే రాయండి.