మా ఇంటి మిలిటరీ కంప్యూటరు

సదుములోని మా యింటి అటకపై, ఇత్తడి గంగాళమునకును పాత వేరుశనగ గోతాముల మూటకును నడుమ మూడు దశాబ్దములకు పైగా అజ్ఞాతవాస మొనరించిన అటారీ 800 అను గృహ కంప్యూటరును నా బావమరిది మొన్న సంక్రాంతికి క్రిందికి దించి, మరలు విప్పి, లోపలి పోత అల్యూమినియపు పెట్టెను వ్రేలితో ఠంగుమని మ్రోగించి, శత్రువుల ఫిరంగిని చేజిక్కించుకొన్న సేనానివలె నావంక చూచెను.

"బావా, ఇది ఇంట్లో వాడేదానికి చేసిండేది కాదు. మిలిట్రీ మాలు. ఎత్తి చూడు, చెయ్యి పడిపోతాది."

నా బావమరిది విశ్వాసమున బరువుగల వస్తువు లన్నియు సైన్యమునుండియే పుట్టినవి. మా నాయన పెండ్లినాటి ట్రంకుపెట్టె మిలిట్రీది. మా అత్తగారి విసురురాయియు ఇంచుమించు మిలిట్రీదే. మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయినప్పుడెల్ల జేబునుండి జారిపడు తన సెల్‌ఫోనుకు 'మిలిటరీ గ్రేడ్' అని అచ్చువేసిన తొడుగు కొనినది మొదలు ఆ విశ్వాసము మరింత గట్టిపడినది. ముప్పదేండ్లు పంతులుద్యోగము చేసిన నాకా, ఎదుట తప్పు వినబడినచో దానిని దిద్దినగాని సంగటి ముద్ద గొంతు దిగదు.

సైనిక ప్రమాణ మనునది బరువు కాదు, పరీక్ష. అమెరికా వాయుసేనవారు 1962లో వెలువరించిన మిల్-స్టాండర్డ్-810 అను పత్రమున, యుద్ధమునకు పోవు పరికరమును వేడికి మాడ్చుట, చలికి గడ్డకట్టించుట, వానలో నానబెట్టుట, ఇసుక చల్లుట, ఉప్పునీటి ఆవిరి పట్టుట, బూజు పెంచి చూచుట, కుదుపుట మొదలుగాగల హింసలన్నియు నరకలోక వర్ణనమువలె వరుసగా చెప్పబడినవి. ఎంత మాడ్చవలెను, ఎంత కుదుపవలెను అనునది ఆ పరికరము పోవు చోటునుబట్టి తేల్చుకొనవలసినదే గాని, ఉత్తీర్ణతాపత్రము లిచ్చు కార్యాలయ మేదియు దానికి లేదు; కావుననే నేడు ఫోను తొడుగులవారెల్లరు తమకు తామే ఉత్తీర్ణులగుచున్నారు. మన సేనలకును జె.ఎస్.ఎస్. 55555 అని యొక ప్రమాణ మున్నది. ఆ సంఖ్య చూడగా ఎవరో కాంట్రాక్టరు తన కారుకై వేలములో పాడుకొన్నట్లుండును. ఇక చిప్పుల మాట. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వారి 5400 వరుస చిప్పులు సున్నకు దిగువ 55 డిగ్రీలు మొదలు 125 డిగ్రీలవరకు నిలుచునట్లు సైన్యమునకై చేయబడగా, అదే పని చేయు 7400 వరుసవి 0 నుండి 70 వరకే పూచీపడినవి. ఇండ్లలోని కంప్యూటర్ల కడుపున నుండునవి ఈ రెండవ తెగవే.

"అట్లయితే ఈ దిమ్మ ఎందుకు పెట్టినారు బావా, ఊరికేనా?"

ప్రశ్న న్యాయమైనదే. 1979లో వెలువడిన ఈ అటారీ ఇంటి టీవీకి తగిలించుకొను యంత్రము. ఇట్టివి రేడియో తరంగములను నలుదిక్కుల చిమ్మి పొరుగిండ్ల టీవీలలో చీమలు పాకించునని, అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌వారు కఠినమైన కట్టడి చేసియుండిరి. ఆ కట్టడికి జడిసి అటారీవారు యంత్రమును లోహకవచమున బంధించిరి. బయటి గుండ్లు లోనికి రాకుండుటకు గాక, లోపలి గోల బయటికి పోకుండుటకై పెట్టిన కవచ మది. ఆలుమగలు పోట్లాడుకొనబోవుచు ముందుగా కిటికీ తలుపులు మూసికొనుట వంటిది.

1986లో మా బంధు వొకడు దీనిని అమెరికానుండి తెచ్చి నాకు కానుక చేయునాటికి మా వీధిలో నున్న టీవీ ఒక్కటే, అదియును మాదే. ఆ మహాకవచము రక్షింపదలచిన పొరుగింటి టీవీని పొరుగింటివా రింకను కొననే లేదు. 110 వోల్టుల యంత్రము మన కరెంటునకు నిలువదని ట్రాన్స్‌ఫార్మరు పెట్టితిమి. అమెరికా బొమ్మ మన టీవీకి పొసగక తెరపై గిరగిర దొర్లసాగెను. వీధి వీధంతయు మా యింట చేరి, ఆ దొర్లుటయే ఆట యనుకొని, రెండు గంటలు చూచి, బాగున్నదని మెచ్చుకొని పోయెను.

తోడి యంత్రముల కథ ఇంతకంటె దయనీయము. 1982 నాటి కమడోర్ 64 తొలి యంత్రములలో కవచ మనగా అట్టముక్క కంటించిన పలుచని రేకుకాగితము. అంతకు ముందటేడు వచ్చిన సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ 81కు వెనుక తగిలించు 16కె మెమరీ పెట్టె, ఎవరైన బల్లకు మోచేయి తగిలించినచో కదలి, అంతవరకు టైపుచేసినదంతయు గంగలో కలుపుచుండెను. 1980 నాటి ఆపిల్ త్రీలో చిప్పులు తమ గూళ్లలో సడలిపోగా, యంత్రమును కొన్ని అంగుళములు పైకెత్తి బల్లపై వదలుడని కంపెనీవారే సలహా యిచ్చిరి. దెబ్బకు దయ్యము వదలు నను సూత్రమును మా యూరి రేడియో మెకానిక్కు ఏ కాలేజీకి పోకయే ఎరుగును.

ఇంతలో నా బావమరిది సెల్‌ఫోను గోకి గోకి ఒక వార్తను బయటికి లాగెను: అటారీవారి బ్యాటిల్‌జోన్ అను ట్యాంకుల ఆటను, అమెరికా సైన్యపు బ్రాడ్లీ శకటములలో కూర్చుండి గురిపెట్టువారి శిక్షణకై 1981లో మార్చి యిచ్చిరట! నేను మౌనముద్ర దాల్చితిని, ఏలయన అది సత్యమే. అయినను అది నాణెము వేసి ఆడు నిలువెత్తు పెట్టె గాని ఇంటి కంప్యూటరు కాదని నెమ్మదిగా విన్నవించితిని. అతడు వినలేదు.

మన దేశమున బడిపిల్లలు చూచిన యంత్రము వేరు. 1984-85లో భారత ప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద 250 పాఠశాలలకు బి.బి.సి. మైక్రోల నిచ్చెను. అట్టి గది నొకదానిని చూడబోయిన నన్ను ఆ బడివారు వాకిటనే నిలిపి చెప్పులు విప్పించిరి. బూట్లు విప్పి ప్రవేశింపవలసిన యుద్ధరంగమును నేనెక్కడను వినియుండలేదు. తరువాత ఆ మైక్రోలను మన దేశముననే తయారుచేసినవారు మొహాలీలోని సెమికండక్టర్ కాంప్లెక్స్‌వారు. విచిత్రమేమన, ఆ మొహాలీలోనే తయారైన విక్రమ్ 3201 అను చిప్పు నేడు ఇస్రో రాకెట్లకై సున్నకు దిగువ 55 నుండి 125 డిగ్రీలవరకు ఓర్చుకొనుచున్నది. ఈ ముక్క నేను బావమరిదికి చెప్పలేదు. చెప్పినచో బడిపిల్లల మైక్రోయును రాకెట్టే యగును.

ఆ సాయంకాలము మరలు బిగించి మీట నొక్కితిమి. నేటి టీవీలు అమెరికా బొమ్మనుగూడ పట్టును గనుక, నీలితెరపై 'రెడీ' యను మాట దొర్లక నిలిచెను. ఇన్నేండ్లు ఎలుకలనుండి, ఇంటికప్పు కారిన నీటినుండి దీనిని కాచినది అటారీవారి అల్యూమినియము కాదు, నా భార్య పాత నేతచీరతో కుట్టిన ముసుగు. ఆమె మాత్రము ఇది మిలిట్రీది కాదని మొదటినుండియు చెప్పుచునే యున్నది: "మిలిట్రీదైతే పెన్షనన్నా వచ్చుండు."

చెడినది ఒక్కటే, ప్రోగ్రాములు దాచుకొను కాసెట్టు రికార్డరులోని రబ్బరు బెల్టు జిగురై కారిపోయినది. దానికి సరిపడు బెల్టు పుంగనూరులో గాని మదనపల్లెలో గాని దొరకుచోటు ఎరిగిన పాఠకులు దయచేసి తెలుపగోరెదను. మిలిటరీది కానక్కరలేదు.